సుంకి ఘాటీలో ఆయిల్ వేడి 131 చూపిస్తోంది, ఇంజన్ పోతుందా అన్నా?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని జయపురం నుంచి వచ్చింది. సుంకి ఘాటీ అంటే సాలూరు నుంచి కొరాపుట్ మీదుగా అటు ఎక్కే కొండదారి. పేరు రాయొద్దన్నాడు, సరే, జయపురం తమ్ముడు అనే పిలుచుకుందాం. ఉత్తరం చాలా పొడుగుంది, అందులో సగం బావమరిది మీద కంప్లయింట్లే, అవి తీసేసి అసలు సంగతి ఇస్తున్నా.

"అన్నా నమస్తే. మాది టెంట్ హౌస్, లైటింగ్, జనరేటర్ కూడా అద్దెకిస్తాం. బండి రెండున్నర లీటర్ల డీజిల్ పికప్, బీఎస్4, మాన్యువల్ గేర్లు, లక్షా నలభై వేలు తిరిగింది. వెనకాల రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటర్. కాటా వేయిస్తే బండి సామానుతో 2,900 కిలోలు, ట్రాలీ 1,720. పెళ్లిళ్ల సీజన్లో సాలూరు, బొబ్బిలి వైపు కూడా పిలుస్తారు. మా బావమరిది ఆయిల్ ఫిల్టర్ దగ్గర సెన్సర్ పెట్టి ఆయిల్ టెంపరేచర్ మీటర్ బిగించాడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. చదును రోడ్డు మీద 98 నుంచి 104. సాలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు సుంకి ఘాటీ ఎక్కుతుంటే 131 అయిపోయింది! మూడో గేర్లో 35 స్పీడు, 1500 ఆర్పీఎం, పెద్దగా తొక్కట్లేదు కూడా. నీళ్ల వేడి ముల్లు మాత్రం మధ్యలోంచి కదల్లేదు. ఒక మేస్త్రి థర్మోస్టాట్ పీకేయమంటాడు, ఇంకో మేస్త్రి 20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిల్ పోయమంటాడు, షాపువాడు ఏదో సీసా చూపించి ఇది కలిపితే పది డిగ్రీలు తగ్గుద్దంటాడు, బావమరిది ఆయిల్ కూలర్ తెప్పిస్తానంటాడు. ఎవరి మాట వినాలి? ఇంజన్ పోతుందా? బండి ఫోటో పంపుతున్నా."

తమ్ముడూ, ముందు గుండె చిక్కబట్టుకో. ఇంజన్ పోదు. పోయేదైతే నువ్వు ఉత్తరం రాసేదాకా ఆగేది కాదు. అలాగని 131 మంచి నంబరు అని కూడా అనను. అప్పుడప్పుడు ఘాటీలో పది నిమిషాలు వచ్చి పోతే తట్టుకుంటుంది, కానీ ప్రతి ట్రిప్పూ అదే అయితే ఆయిల్ ముందే ముసలిదైపోతుంది, తర్వాత దాని మీద బతికేవన్నీ ముసలివైపోతాయి.

నేను లెక్కేసుకునే పద్ధతి చెప్తా. మామూలు రోడ్డు మీద 90 నుంచి 110 మధ్య ఉంటే ఇంజన్ హాయిగా ఉన్నట్టు. లోడు లాగుతూ ఘాటీ ఎక్కేటప్పుడు 115, 120 వచ్చినా నేను పాట ఆపను. 125 దాటితే కాలు తేలిక చేస్తా. 130 దాటితే ఆగే చోటు వెతుక్కుంటా. ఇవి మామూలు డీజిల్ ఆయిల్ పోసిన బండికి చెప్తున్నా, మంచి సింథటిక్ అయితే ఇంకొంచెం ఓర్చుకుంటుంది. అన్నట్టు 90 కంటే తక్కువ ఉంటే మంచిదనుకుంటారు చాలామంది, అదీ తప్పే, ఆయిల్ సరిగ్గా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ ఆవిరైపోదు, చాంబర్లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బురద కడుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండ్ల ఆయిల్ మూత తీసి చూడు, లోపల మజ్జిగ మీద వెన్న తేలినట్టు తెల్లగా పేరుకుని ఉంటుంది.

సరే ఇప్పుడు నీ నంబరు. అది నిజమైన నంబరేనా? మీ బావమరిది మీద అనుమానం కాదు, మీటర్ మీద. కొంతమంది ఓబీడీ పోర్టుకి (మేస్త్రీలు కంప్యూటర్ తగిలించే సాకెట్) బ్లూటూత్ డబ్బా పెట్టి ఫోన్లో ఆయిల్ వేడి చూసుకుంటారు, చాలా బండ్లలో అసలు ఆయిల్ వేడి కొలిచే సెన్సరే ఉండదు, కంప్యూటర్ అంచనా కట్టి చెప్తుంది. నీది విడిగా పెట్టిన సెన్సర్ కాబట్టి కొంత నయం, కానీ చవక సెన్సర్లు పది డిగ్రీలు అటూ ఇటూ చూపించడం నేను బోలెడుసార్లు చూశా. దీనికి ఖర్చులేని టెస్టు ఒకటుంది. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు సెన్సర్ ఊడదీసి, వైరు అలాగే ఉంచి (ఎర్తు బాడీ నుంచి తీసుకునే రకమైతే ఒక వైరు ముక్కతో దాన్ని బాడీకి కలుపు), గిన్నెలో నీళ్లు తెర్లించి అందులో ముంచు. గిన్నె అడుగుకి తగలనివ్వకు. ఇక్కడ ఒక తిరకాసుంది. నీళ్లు 100కి మరుగుతాయని బళ్లో చెప్పారు కదా, అది సముద్రం పక్కన. మీ జయపురం సుమారు 600 మీటర్ల ఎత్తు, అక్కడ 98కే మరుగుతాయి. కొరాపుట్‌లో చేస్తే 97. మీటర్ 98 చూపిస్తే మీ బావమరిదికి ఒక టీ ఇప్పించు. 106 చూపిస్తే నీ 131 కాస్తా 123 అన్నమాట, నిద్ర పోవచ్చు.

నంబరు నిజమే అనుకుని మాట్లాడతా ఇకపైన.

నీళ్ల ముల్లు కదల్లేదు కదా, ఆయిల్ ఒక్కటే ఎందుకు కాలుతోంది అని నీ అసలు డౌటు. ఒకటి, ఆ ముల్లుని నమ్మకు. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆ ముల్లు డ్రైవర్ కంగారు పడకుండా మధ్యలోనే ఉండేలా సెట్ చేసి ఉంటుంది, నీళ్లు 80 ఉన్నా 100 ఉన్నా అక్కడే నిలబడుతుంది, కదిలిందంటే అప్పటికే పని అయిపోవచ్చినట్టు. రెండు, నీళ్లకి థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే మూత) ఉంది, రేడియేటర్ ఉంది, ఫ్యాన్ ఉంది, అంటే కాపలా కాసేవాళ్లు ముగ్గురు. ఆయిల్‌కి సొంతంగా ఎవరూ లేరు. దాని పనేమో చాలా ఘోరం. ఇలాంటి టర్బో డీజిల్ ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ అడుగున చిన్న గొట్టంలోంచి ఆయిల్ పిచికారీ కొడుతూ ఉంటుంది, మంటకి అవతలి వైపు నిలబడి వీపుకి నీళ్లు కొట్టినట్టు. అక్కణ్ణుంచి బేరింగుల మధ్య నలిగి, టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజన్లోకి గాలి కుక్కేది) షాఫ్టు చుట్టూ తిరిగి, ఇన్ని చోట్ల వేడి మోసుకొచ్చి చాంబర్లో పడుతుంది. అది చల్లబడేది ఎలగంటే చాంబర్ కింద నుంచి పోయే గాలికి కొంత, ఇంజన్ పక్కన చిన్న ఆయిల్ కూలర్ ఉంటే అందులో తిరిగే రేడియేటర్ నీళ్లకి కొంత. అంటే ఆయిల్ తన వేడిని నీళ్లకి ఇస్తుంది, నీళ్లు గాలికి ఇస్తాయి. గాలి దగ్గర ఆగిపోయిందంటే వరసలో అందరికంటే వెనక నిలబడింది ఆయిలే, రేషన్ డిపో క్యూలో లాగ.

ఒక చిన్న లెక్క చెప్తా, భయపడకు. సాలూరు సముద్రం కంటే 120 మీటర్ల ఎత్తు అనుకుందాం, కొరాపుట్ 870. అంటే 750 మీటర్లు పైకి. నీ బండీ ట్రాలీ కలిపి 4,620 కిలోలు. అంత బరువుని అంత ఎత్తుకి ఎత్తడానికి ఒక లీటర్ డీజిల్లో ఉన్న మొత్తం శక్తి దాదాపుగా సరిపోతుంది. ఓస్ ఇంతేనా అంటావు. కానీ ఇంజన్ డీజిల్లో మూడో వంతే లాగుడుకి వాడుతుంది, అంటే ఎత్తడానికే మూడు లీటర్లు కాలాలి, అందులో రెండు లీటర్లు ఉత్త మంట. దాంట్లో సుమారు సగం సైలెన్సర్లోంచి పోతుంది, మిగతా సగం నీళ్లూ ఆయిలూ పంచుకుని మోయాలి. చదునులో గంటలో మోసేది ఇక్కడ ఆ వంకర టింకర మలుపుల్లో పావు గంట, ఇరవై నిమిషాల్లో మోయాలి. పైకి పోయేకొద్దీ గాలి కూడా పల్చన, 900 మీటర్ల దగ్గర కింద కంటే 8 శాతం తక్కువ, అదే ఫ్యాన్ తిరిగినా అంత తక్కువ గాలే దొరుకుతుంది.

ఇప్పుడు నీ తప్పు దగ్గరికి వద్దాం. "మూడో గేర్లో 35, 1500 ఆర్పీఎం, పెద్దగా తొక్కట్లేదు" అని గొప్పగా రాశావు. అదేనయ్యా జబ్బు! ఇంజన్ సౌండ్ తక్కువ వస్తే ఇంజన్ సుఖంగా ఉందని మనవాళ్లకో నమ్మకం. నాలుగున్నర టన్నులు ఘాటీ మీద 1500లో లాగుతుంటే ఇంజన్ నోరు మూసుకుని మూలుగుతున్నట్టు, ఒక్కో పేలుడికీ పిస్టన్ మీద పడే దెబ్బ ఎక్కువ, బేరింగుల మీద బరువెక్కువ, కానీ నీళ్ల పంపు, ఆయిల్ పంపు, ఫ్యాన్ అన్నీ ఇంజన్ తిరిగినంతే తిరుగుతాయి కదా, అవన్నీ 1500కి సరిపడా నెమ్మదిగా తిరుగుతున్నాయి. పని ఎక్కువ, మంచినీళ్లు తక్కువ. రెండో గేర్ వెయ్యి. స్పీడు 30కి దించు. ఇంజన్ 2200 చుట్టూ తిరుగుతుంది, నీళ్ల పంపు దాదాపు ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది, 35 నుంచి 30కి దిగావు కాబట్టి ఎక్కడానికి కావాల్సిన పవర్ ఏడో వంతు తగ్గింది, అంటే వేడి పుట్టడమూ తగ్గింది, పోవడమూ పెరిగింది. గోల ఎక్కువ వస్తుంది, పక్కన కూర్చున్న బావమరిది ఇంజన్ బద్దలవుద్దని అరుస్తాడు, అరవనీ. సాలూరు లారీల వాళ్లు పాత 43 నంబరు రోడ్డు (ఇప్పుడు 26 అంటున్నారు) మీద ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదే. ఘాటీ మొదలయ్యే ముందే గేర్ దించేస్తారు, మధ్యలో ఇంజన్ పడిపోయాక దించితే అప్పటికే ఆయిల్ పట్టిన వేడి దిగడానికి టైం పడుతుంది. ఆయిల్ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగానే చల్లబడుతుంది. నువ్వు 131 చూసింది ఆ మలుపు దగ్గర చేసిన తప్పుకి కాదు, ఐదారు మలుపుల కింద చేసినదానికి.

ఇంక ఫోటో సంగతి. ఇది రాయడానికి నాకు నవ్వొస్తోంది, ఏమనుకోకు. మీ మేస్త్రీలు ఇద్దరూ, షాపువాడు, బావమరిది అందరూ ఆయిల్ గురించే మాట్లాడారు, ఒక్కడూ బండి ముందుకొచ్చి నిలబడి చూడలేదా? బుల్ గార్డుకి ఈ చివర నుంచి ఆ చివరకి ఫ్లెక్సీ బోర్డు, మీ టెంట్ హౌస్ పేరు తెలుగులో, ఒడియాలో, కింద ఫోన్ నంబరు, రెండు వైపులా రెండు పెద్ద ఫోకస్ లైట్లు. బోర్డు వెనక గ్రిల్ నాకు నాలుగు వేళ్లంత కనిపిస్తోంది. రేడియేటర్‌కి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది తమ్ముడూ? ఇంటికి కిటికీ మూసేసి ఉక్క పోస్తోందని చొక్కా గుడ్డ మార్చమంటున్నారు మీ వాళ్లు.

నిన్ను ఆడిపోసుకునే హక్కు నాకు లేదులే, ఇంతకంటే వెధవ పని నేనే చేశా. చాలా ఏళ్ల క్రితం నాకు సొంత లారీ ఉండేది. డిసెంబర్ జనవరిల్లో సిమిలిగుడ, పొట్టంగి వైపు చలి నీకు తెలుసు, పొద్దున్నే ఇంజన్ వేడెక్కక చస్తుంది, అందుకని రేడియేటర్ ముందు గోనెపట్టా కట్టుకునేవాళ్లం అందరం. ఒక పొద్దున కట్టుకుని దిగా, సాలూరులో దించి, మధ్యాహ్నం ఎండలో సిమెంటు ఎత్తుకుని మళ్లీ ఎక్కడం మొదలెట్టా. పట్టా విప్పమని క్లీనర్‌కి చెప్పానని నా వాదన, చెప్పలేదని వాడి వాదన. ఇప్పటికీ తేలలేదు. అప్పట్లో ఆయిల్ వేడి మీటర్ ఎక్కడిది, నీళ్ల ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. సగం ఘాటీలో ఆయిల్ ప్రెజర్ లైటు మినుకు మినుకుమంది, ఇంకో రెండు మలుపులు పోయాక కింద నుంచి టకటక టకటక, ఎవరో రోకలితో తలుపు కొడుతున్నట్టు. బిగ్ ఎండ్ బేరింగులు, అంటే పిస్టన్ కడ్డీ క్రాంకు ఇరుసుని పట్టుకునే చోటివి. ఇంకో లారీకి తాడు కట్టి టోచన్ మీద కిందకి దించుకున్నాం. చాంబర్ విప్పితే ఆయిల్ నీళ్లలా జారిపోతోంది, కాలిన వాసన, బేరింగ్ పెంకుల మీద తెల్లటి పూత లేచిపోయి లోపల రాగి రంగు కనిపిస్తోంది. ఆ పెంకు ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటా.

కాబట్టి ముందు బోర్డు విప్పు. ఆ తర్వాత రేడియేటర్ దగ్గర కూర్చో, ఒక పూట పని. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, ఎందుకంటే నీకు కనిపించేది ఏసీ కండెన్సర్, అసలు రేడియేటర్ దాని వెనకుంది. రెండింటి మధ్య సందులో టార్చి వేసి చూడు. మీ వైపు ఎర్ర దుమ్ము, వరి కోతలప్పుడు పొట్టు, వేసవిలో బూరుగు దూది, పురుగులు, అన్నీ కలిసి అక్కడ బొంత కుట్టినట్టు ఉంటాయి. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, ముందు నుంచి కొడితే ఆ బొంత ఇంకా లోపలికి దిగుతుంది. సర్వీస్ స్టేషన్ ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకు, రేడియేటర్ రేకులు అగ్గిపెట్టె కాగితం కంటే పల్చన, మడత పడిపోతాయి, ఇక గాలి శాశ్వతంగా బంద్. మామూలు పైపు నీళ్లు, కొంచెం సబ్బు పొడి, ఓపిక. కింద బురద నీళ్లు పోయి తెల్ల నీళ్లు వచ్చేదాకా.

అక్కడే ఉన్నప్పుడు ఫ్యాన్ కూడా చూడు. నీ బండిలో బహుశా విస్కస్ ఫ్యాన్ ఉంటుంది, అంటే చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా తిరిగి, వేడెక్కాక పట్టు పట్టి గట్టిగా తిరిగేది. లక్షా నలభై వేలు తిరిగిన బండిలో ఆ పట్టు పోయి ఉండొచ్చు. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకుని (ఇది మర్చిపోకు, వేళ్లు పది ఉన్నాయి, పదీ ఉండాలి) ఫ్యాన్ రెక్కని చేత్తో తిప్పు. కొంచెం బరువుగా కదిలి ఆగితే బాగున్నట్టు. పిల్లల కాగితం గాలి చక్రంలాగ గిర్రున తిరిగితే మార్చాలి. ఘాటీలో నువ్వు 30 స్పీడులో పోతావు, ఆ స్పీడుకి ఎదురుగాలి పెద్దగా రాదు, గాలి దాదాపు అంతా ఆ ఫ్యానే లాగాలి.

మీ మేస్త్రీల సలహాలకి ఇప్పుడు వస్తా.

థర్మోస్టాట్ పీకడం వద్దు. ఇది మన వైపు పాత జబ్బు, రేడియేటర్ పొంగిందంటే చాలు ముందు దాన్ని పీకి పారేస్తారు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రేడియేటర్‌కి దారి తెరుస్తూ, ఆ పక్కనే రేడియేటర్‌కి పోకుండా తిరిగొచ్చే అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొన్ని వేడి నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్లోకి పోతాయి. సుంకిలో ఇంకా కాలుద్ది, పొట్టంగి చలిలో అసలు వేడెక్కదు. రెండు విధాలా నష్టం. పాతదైపోయిందని అనుమానం ఉంటే కొత్తది వేయించు, అంతే.

20డబ్ల్యూ-50 (ముందు అంకె చలిలో, వెనక అంకె వేడిలో ఆయిల్ చిక్కదనం) కూడా వద్దు. ఆలోచన ఎందుకొచ్చిందో నాకు తెలుసు, ఆయిల్ వేడికి పల్చబడుతుంది కాబట్టి చిక్కటిది పోద్దాం అని. 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో 130 దగ్గర దాదాపు అందులో సగమే ఉంటుంది, అది నిజమే. కానీ ఆ గ్రేడు పాస్ అవ్వాలంటే 150 డిగ్రీల దగ్గర, నలిగే చోట, ఇంత చిక్కదనం తగ్గకూడదని రూలే ఉంది, అంటే తయారు చేసినవాడు నీ ఘాటీని ముందే లెక్కలో వేసుకున్నాడు. మరీ చిక్కటిది పోస్తే నలగడానికే ఎక్కువ బలం కావాలి, ఆ బలం మళ్లీ వేడే అవుతుంది, చలికాలం పొద్దున టర్బో దాకా ఎక్కడానికి టైం తీసుకుంటుంది. బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసుందో అదే పొయ్యి. పుస్తకం ఒప్పుకుంటే ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-40 పొయ్యి, ఖర్చు ఎక్కువే కానీ వేడికి తొందరగా కుళ్లదు. డబ్బా మీద సీఐ-4 ప్లస్ గానీ సీకే-4 గానీ (డీజిల్ ఇంజన్ ఆయిల్ నాణ్యత గుర్తులు) ఉండాలి. బీఎస్6 బండ్లున్న వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట, మీకు సైలెన్సర్లో మసి ఫిల్టర్ ఉంటుంది, బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, చవగ్గా వస్తుందని పాత బండి ఆయిల్ పోస్తే ఆ ఫిల్టర్ పూడిపోయి బిల్లు చూసి ఏడవాలి.

సీసా మందు గురించి నేనేం చెప్పను. ఆ డబ్బుతో పిల్లలకి కొరాపుట్‌లో బిర్యానీ తినిపించు.

ఆయిల్ మార్చే లెక్క మాత్రం మార్చుకో. నూనె పాడయ్యే వేగం ప్రతి పది డిగ్రీలకీ సుమారు రెట్టింపు అవుతుందని మోటు లెక్క ఒకటుంది. 110లో తిరిగిన గంటా, 130లో తిరిగిన గంటా ఒకటి కావు, రెండోది నాలుగు గంటల కింద లెక్క. కాబట్టి పుస్తకంలో 10,000 కిలోమీటర్లు అని ఉంటే పెళ్లిళ్ల సీజన్లో నువ్వు 5,000కే మార్చెయ్. నల్లబడింది కదా అని కాదు, డీజిల్ ఆయిల్ పోసిన వారానికే నల్లబడుతుంది, అది దాని పని, మసిని పట్టుకుని ఉండటం. వాసన చూడు, మాడిన వాసన వస్తే అప్పుడు కంగారు పడు. విడిగా క్యాన్లో అమ్మే ఆయిల్ ఎవడు ఎంత తక్కువకి ఇచ్చినా కొనకు.

లెవెల్ కూడా చూసుకో, చదును నేల మీద, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక. తక్కువుంటే అదే వేడిని తక్కువ ఆయిల్ మోయాలి. ఎక్కువ పోసినా తప్పే, క్రాంకు ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ దేన్నీ చల్లార్చదు.

ఇంకొకటి అడగాలి, రేడియేటర్లో ఏం పోస్తున్నావు? బోరు నీళ్లైతే ఇప్పుడే ఒప్పేసుకో. టీ కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టకట్టినట్టే ఆ సున్నం ఆయిల్ కూలర్ సన్నటి దారుల్లో కూడా కడుతుంది. రేడియేటర్ నీళ్లు బాగానే తిరుగుతుంటాయి, ముల్లు మధ్యలోనే ఉంటుంది, ఆయిల్ మాత్రం కాలుతూ ఉంటుంది, అచ్చం నువ్వు రాసినట్టే. బోర్డు తీసి, కడిగి, గేర్ మార్చి చూశాక కూడా 125 దాటుతుంటే నా అనుమానం నేరుగా దాని మీదకే పోతుంది. అప్పుడు కూలర్ విప్పించి కడిగించు లేదా మార్పించు, కూలెంట్ డబ్బా మీద రాసినట్టు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పొయ్యి.

బావమరిది తెప్పిస్తానన్న బయటి ఆయిల్ కూలర్ చెడ్డదేం కాదు. కానీ అది ఆఖరు మెట్టు. ఆయిల్‌ని ఇంజన్ బయటికి రబ్బరు పైపుల్లో తీసుకెళ్లి తేవడం అంటే ఆ పైపు, దాని క్లిప్పు నీ ఇంజన్ ప్రాణం పట్టుకుని ఉన్నట్టు. ఒక్కటి ఊడితే ఆయిలంతా రోడ్డు మీద, నువ్వు లైటు చూసి ఆపేలోపే అయిపోతుంది. పెట్టాల్సి వస్తే ఆయిల్ వేడెక్కాకే దారి తెరిచే థర్మోస్టాట్ ఉన్నది పెట్టించు, లేకపోతే చలికాలం మీ కొండల మీద ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. ఆ డబ్బు పెట్టే ముందు ఆయిల్ ప్రెజర్ మీటర్ పెట్టించమంటా నేను. వేడి నంబరు నిన్ను భయపెడుతుంది, ప్రెజర్ నంబరు నిజం చెప్తుంది. వేడి ఇంజన్ మీద ప్రతి వెయ్యి ఆర్పీఎంకి పది పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) చొప్పున ఉంటే బేరింగుల మధ్య ఆయిల్ పొర బతికే ఉందని మేస్త్రీల మోటు లెక్క. 130లో కూడా అంత ఉంటే నీ ఇంజన్ గట్టిదే.

ఈలోపు ఘాటీలో మళ్లీ 125 దాటితే ఏం చేస్తావో విను. ఏసీ ఆపు. హీటర్ ఫుల్లు పెట్టి అద్దాలు దించు, చెమటకి తడిసిపోతావు కానీ అదీ ఒక చిన్న రేడియేటరే. గేర్ దించు. 130 దాటితే మలుపులో కాకుండా వెనకవాళ్లకి కనిపించే చోట పక్కకి తీసి, చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజన్ మాత్రం ఆపకు. న్యూట్రల్లో 1200 దగ్గర తిరగనివ్వు. ఆపేస్తే పంపు ఆగిపోద్ది, టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుద్ది. 110 కిందకి వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఆగి అప్పుడు కావాలంటే ఆపు. ఒక్కటే తేడా, ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగితే మాత్రం ఆ సెకనే ఆపెయ్, అప్పుడు ఈ ముచ్చట్లేవీ వద్దు. రేడియేటర్ మూత తియ్యొద్దు, ఇంజన్ మీద నీళ్లు చల్లొద్దు, క్లీనర్ కుర్రాడు ఉత్సాహంగా బకెట్ పట్టుకొస్తాడు, బకెట్ లాక్కో.

ట్రాలీ గురించి రెండు ముక్కలు. జనరేటర్ ట్యాంకు నింపుకుని ఘాటీ ఎక్కుతున్నావా? ఆ డీజిల్ కూడా నువ్వే మోస్తున్నావు కదా, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రా, జయపురంలో పోసుకోవచ్చు. ఘాటీకి ముందు ఒకసారి ఆగి ట్రాలీ చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టు, ముట్టుకోకుండా దగ్గరగా. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేసింది, నువ్వు బ్రేకు వేసిన బండిని లాగుతున్నట్టు. బండి పుస్తకంలో ట్రాలీ ఎంత బరువు లాగొచ్చో రాసుంటుంది, అది కూడా ఒకసారి తీసి చదువు, 1,720 అందులో పట్టకపోతే నేను చెప్పిందంతా పక్కనపెట్టి చిన్న లారీ మాట్లాడుకో. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. డీజిల్ మిగులుద్దని న్యూట్రల్లో దించేవాళ్లని చూస్తుంటా, పైన ఆయిల్ వేడి గురించి అంత భయపడేవాడివి కింద బ్రేకు డ్రమ్ముల వేడి గురించి భయపడవేం అని అడగాలనిపిస్తుంది.

బోర్డు విప్పి, రేడియేటర్ కడిగి, రెండో గేర్లో 30 మీద ఒక్కసారి సుంకి ఎక్కి నంబరు రాసి పంపు. ఎండ ఎంత ఉంది, మధ్యాహ్నమా రాత్రా అది కూడా రాయి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. ఆ విప్పిన బోర్డు పారేయకు, ట్రాలీ వెనక కట్టు. ఆ స్పీడులో ఘాటీ అంతా నీ వెనక ఇరుక్కున్న బండ్లవాళ్లకి ఫోన్ నంబరు కంఠతా వచ్చేస్తుంది.